చిట్టెలుక కంట్లో రెటినోబ్లాస్టోమా: ఒక ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి

ప్రాజెక్టు ఖాయమైంది. పసిపిల్లల కంట్లో వచ్చే క్యాన్సర్ రెటినోబ్లాస్టోమాకి మా ల్యాబులోనే ఒక జంతు నమూనాని నిలబెట్టాలి. తర్వాత దాని మీద మెల్ఫలాన్ అనే కీమో మందుని పరీక్షించాలి. విట్రియస్‌లో తేలే కణితి ముక్కలు ఏ డోసుకి చస్తాయి? అదే డోసుకి రెటీనా ఎంత దెబ్బ తింటుంది? అడుగుతున్నది ఈ రెండే.

కొత్తగా చదివేవాళ్ల కోసం కొంచెం నేపథ్యం. కంటి వెనక గోడకి ఆనుకుని వెలుగుని పట్టే పొర రెటీనా. కంటిగుడ్డు లోపల నిండి ఉండే జెల్లీయే విట్రియస్. రెటీనాలో పుట్టిన గడ్డ నుంచి కణాలు ఊడిపోయి అందులోకి చేరతాయి. డాక్టర్లు వీటిని సీడ్స్ అంటారు. విట్రియస్‌లో రక్తనాళాలు ఉండవు కాబట్టి నరానికి ఎక్కించిన కీమో వీటి దాకా సరిగా చేరదు. గడ్డ కరిగిపోయినా సీడ్స్ మిగిలిపోయి, చివరికి కన్నే తీసేయాల్సి వచ్చిన పిల్లలు ఎందరో. మందుని నేరుగా కంట్లోకే ఇస్తే సరిపోతుందిగా అని ఎవరికైనా తోస్తుంది. కానీ క్యాన్సర్ ఉన్న కంటికి సూది గుచ్చితే ఆ రంధ్రం వెంట కణాలు బయటికి పాకుతాయని డాక్టర్లు చాలాకాలం భయపడ్డారు. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఫ్రాన్సిస్ మునియే బృందం, సూది బయటికి తీసేటప్పుడు ఆ చోటుని అతి చలితో గడ్డకట్టించి కణాలు జారకుండా చేసే పద్ధతిని 2012లో ప్రచురించింది. ఆ తర్వాతే ఈ చికిత్స విస్తృతంగా వాడకంలోకి వచ్చింది. పిల్లలకి మామూలుగా 20 నుంచి 30 మైక్రోగ్రాముల మెల్ఫలాన్ ఇస్తారు. సీడ్స్ బాగానే చస్తాయి. కానీ మందు రెటీనాకీ విషమే. డోసు పెరిగే కొద్దీ, ఇంజెక్షన్లు ఎక్కువయ్యే కొద్దీ రెటీనా పనితీరు తగ్గుతుంది. ఈ ఇరుకులో దారి వెతకడానికే మాకు జంతువు కావాలి.

రెండు తెలుగు రాష్ట్రాల నుంచే కాదు, చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి కూడా కంటి కణితి ఉన్న పిల్లల్ని హైదరాబాద్ తీసుకొస్తారు. కంటిపాప తెల్లగా మెరుస్తోందని ఇంట్లోవాళ్లు గమనించి కూడా, పెద్దయితే పోతుందిలే అని ఎవరో చెబితే ఆగిపోయి, ఆలస్యంగా వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆలస్యమైన కంట్లో సీడ్స్ ఎక్కువ. మేం ఈ ప్రశ్నని ఎంచుకోవడానికి అదొక కారణం.

మార్చి

ఈ నెలంతా చదువే. ఏ జంతువు, ఏ నమూనా అన్నది తేలాలి.

అసలు తలనొప్పి ఏమిటంటే, చిట్టెలుకకి ఈ జబ్బు తనంతట తాను రాదు. మనిషిలో ఆర్‌బీ-1 జన్యువు రెండు కాపీలూ చెడితే రెటీనాలో కణితి మొదలవుతుంది. 1971లో ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ 48 మంది పిల్లల రికార్డులు పెట్టుకుని, రెండు దెబ్బలు తగిలితేనే ఈ క్యాన్సర్ వస్తుందని లెక్కగట్టాడు. జన్యువు చేతికి చిక్కింది 1986లో. ఇక అదే జన్యువుని చిట్టెలుకలో తీసేస్తే నమూనా సిద్ధం అనుకున్నారు. 1992లో మూడు బృందాలు ఆ పని చేశాయి. రెండు కాపీలూ పోయిన పిల్లలు గర్భంలోనే, రెండు వారాలు నిండే వేళకి చనిపోయాయి. ఒక్క కాపీ పోయినవి బతికాయి. వాటికి గడ్డలొచ్చింది కంట్లో కాదు, పిట్యూటరీ గ్రంథిలో!

కారణం తర్వాత తెలిసింది. చిట్టెలుక రెటీనాలో ఆర్‌బీ పోతే దాని చుట్టం పీ-107 ప్రొటీన్ ఆ పనిని మీదేసుకుంటుంది. మనిషి రెటీనాలో ఆ సర్దుబాటు సరిగా జరగదు. అందుకే 2004 నాటికి ఆర్‌బీతో పాటు పీ-107నో, మరో చుట్టం పీ-130నో కూడా రెటీనాలో మాత్రమే తీసేసిన చిట్టెలుకలు వచ్చాయి. వాటికి కంట్లో గడ్డ వస్తుంది. అయితే ఇంకో మెలిక ఉంది. మనిషిలో ఈ కణితి పుట్టేది రంగుల్ని గుర్తించే కోన్ కణాలు కాబోయే దశలోని కణాల నుంచి అని డేవిడ్ కోబ్రినిక్ బృందం 2009 నుంచి వరుసగా చూపిస్తూ వచ్చింది. చిట్టెలుకలో అవి వేరే రకం కణాల నుంచి మొదలవుతున్నాయి. పేరు ఒకటే, పుట్టుక వేరు.

అంతకుముందే, 1990లో, మరో దారిలో ఒక చిట్టెలుక తయారైంది. ఎస్‌వీ-40 అనే వైరస్‌కి చెందిన టీ-యాంటిజెన్ ప్రొటీన్‌ని ఒక హార్మోన్ జన్యువు స్విచ్చు కింద పెట్టారు. ఆ ప్రొటీన్, కణితుల్ని అడ్డుకునే ఆర్‌బీనీ, పీ-53నీ రెండింటినీ పట్టేసి కదలనివ్వదు. నెల వయసుకే కంట్లో చిన్న గడ్డలు మొదలై, 16 వారాలకి కన్నంతా నిండిపోతాయి. ఏ వారం ఏ సైజో ముందే తెలుస్తుంది కాబట్టి మందుల పరీక్షలకి చాలామంది దీన్నే వాడారు. నాకూ మొదట దీని మీదే మనసు పోయింది. పక్కన పెట్టడానికి కారణం, గడ్డలు రెండు కళ్లలోనూ వస్తాయి. దాని గురించి ఏప్రిల్‌లో రాస్తాను.

మిగిలినవి త్వరగా. మనిషికి జలుబు తెప్పించే వైరస్‌ల కుటుంబంలోని అడినోవైరస్-12ని పుట్టిన ఎలుకపిల్లల కంట్లోకి ఎక్కించి గడ్డలు తెప్పించేవాళ్లు. ఇప్పుడు చరిత్రే. బెల్జియంలోని ఘెంట్‌లో 2016లో జన్యువుల్ని కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో ఆర్‌బీ జన్యువుల్ని తుంచిన కప్పలకి తోకకప్ప దశలోనే రెటినోబ్లాస్టోమా వచ్చింది. ఇంకా ఏ జన్యువుని కూడా తుంచితే గడ్డ వేగం తగ్గుతుందో చూడటానికి అంతకన్నా చవకైన దారి లేదు. కానీ తోకకప్ప కంట్లోకి డోసు లెక్కగట్టి మందు ఇవ్వడం నా వల్ల కాదు.

ఇవన్నీ చదివాక నా అభిప్రాయం స్థిరపడింది. రెటినోబ్లాస్టోమా ఎలా పుడుతుందన్న ప్రశ్నకి ఒక జంతువు, పుట్టిన గడ్డ మందుకి ఎలా చస్తుందన్న ప్రశ్నకి మరో జంతువు. పేపర్లలో చాలాచోట్ల రెండింటినీ కలిపి "మంచి నమూనా" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. మనది రెండో ప్రశ్న. కాబట్టి కణితి మనిషిదే అయి ఉండాలి. దాన్ని చిట్టెలుక కంట్లో పెంచాలి. గైడ్ మేడమ్‌కి ఇదే చెప్పాను. "సరే, పుట్టుక సంగతి ఇందులోకి లాగొద్దు. డిస్కషన్‌లో కూడా" అన్నారు.

ఏప్రిల్

ఎథిక్స్ కమిటీ నెల. మన దేశంలో చిట్టెలుక, ఎలుక, కుందేలు లాంటి చిన్న జంతువుల మీద ప్రయోగానికి సంస్థలోని కమిటీ అనుమతి చాలు. అంతకన్నా పెద్ద జంతువులైతే ఢిల్లీలోని కేంద్ర కమిటీ దాకా పోవాలి. అనుమతి దరఖాస్తు ఫామ్-బి నింపడంలో అసలు కష్టం జంతువుల సంఖ్యకి కారణం చూపడం. "ప్రతి గ్రూపుకీ ఇన్ని" అంటే ఒప్పుకోరు. తేడా ఎంత ఉంటుందని ఆశిస్తున్నారు, అది పట్టుబడాలంటే కనీసం ఎన్ని కావాలి, గణాంకాలతో చూపించాలి. స్టాటిస్టిక్స్ చూసే తమ్ముడికి టీ మీద టీ పోయించి ఆ పేజీ పూర్తి చేశాను.

కమిటీలో సైన్సుతో సంబంధం లేని సభ్యులు కూడా ఒకరుండాలన్నది నియమం. మా మీటింగులో సూటి ప్రశ్న వచ్చింది ఆయన నుంచే. "ఏమ్మా, కళ్లు పోతే అది తిండి ఎలా వెతుక్కుంటుంది?" దానికి నా దగ్గర జవాబు ఉంది: ఒక్క కంటికే ఇంజెక్షన్, రెండో కన్ను చెక్కుచెదరదు. కంటి పరిశోధకుల అంతర్జాతీయ సంస్థ ఆర్వో మార్గదర్శకాలు కూడా మామూలుగా ఒక కంటికే పరిమితం కమ్మంటాయి. రెండు కళ్లలోనూ గడ్డలొచ్చే 1990 నాటి చిట్టెలుకని నేను వదిలేసింది ఇందుకే. దాన్ని వాడటం తప్పని కాదు. మన ప్రశ్నకి అవసరం లేనప్పుడు రెండు కళ్లూ పోగొట్టడం ఎందుకని.

ఎప్పుడు ఆపాలో కూడా ముందే రాసిచ్చాం. కన్ను ముందుకి పొడుచుకొస్తే, కార్నియా చిట్లే సూచన కనిపిస్తే, బరువు 20 శాతం తగ్గితే ఆ జంతువుకి ప్రయోగం అక్కడితో ముగిసినట్టే. డేటా సగంలో ఉందని పొడిగించడం కుదరదు.

మే

కణాల పని. ల్యాబుల్లో ఏళ్ల తరబడి పెంచుతూ వస్తున్న కణాల వంశాలు, అంటే లైన్లు, రెండు తెప్పించాం: వై-79, వెరీ-ఆర్‌బీ-1. వై-79 గురించి 1974లో మొదట ప్రచురించారు, రెండున్నరేళ్ల పాప కణితి నుంచి తీసింది. రెండోది 1977 నాటిది. అంటే ఈ కణాలు 50 ఏళ్లుగా ప్లాస్టిక్‌లో బతుకుతున్నాయి. ఇన్నేళ్లలో మారకుండా ఉంటాయని ఎవరూ అనరు. పేషెంట్ గడ్డ నుంచి నేరుగా చిట్టెలుకలోకి మార్చుకునే పద్ధతి ఇంతకన్నా నమ్మదగింది. ఇప్పుడు కీమోతోనే చాలా కళ్లు నిలుస్తున్నాయి కాబట్టి మందు తగలని తాజా గడ్డ దొరకడం అరుదు. ఆ లోటు పిల్లలకి మంచిదే, ల్యాబుకే ఇబ్బంది. ప్రస్తుతానికి పాత లైన్లతోనే మొదలు.

వచ్చిన వెంటనే మైకోప్లాస్మా (కణాల్లో కలిసిపోయే బ్యాక్టీరియా) పరీక్ష, డీఎన్ఏ ప్రొఫైల్ సరిచూడటం. ఈ రెండూ అయ్యేదాకా కణాలు వేరే ఇంక్యుబేటర్‌లోనే.

వై-79 కణాలు ఫ్లాస్కు అడుగున అతుక్కోవు. మీడియంలో ద్రాక్షగుత్తుల్లా తేలుతూ ఉంటాయి. ఇక్కడొక సందిగ్ధం. పిల్లల కంట్లో సీడ్స్ మూడు రకాలుగా కనిపిస్తాయి: పొడిలా చెదిరినవి, గుండ్రటి ఉండలు, దట్టమైన మబ్బుల్లాంటి గుంపులు. పొడి తేలిగ్గా చస్తుంది. మబ్బులకి ఎక్కువ మందు, ఎక్కువ ఇంజెక్షన్లు కావాలి. అంటే గుత్తుల్ని గుత్తులుగానే కంట్లో పెడితే అసలు జబ్బుకి దగ్గరగా ఉంటుంది. కానీ 33 గేజ్ సూది లోపలి రంధ్రం 0.1 మి.మీ. చుట్టుపక్కల. గుత్తి అందులో ఇరుక్కుంటుంది, లేదా చిట్లిపోతుంది. పైగా ఒక కంటికి ఎన్ని కణాలు వెళ్లాయో తెలియదు. కణాల లెక్క తెలియని కంటిని ఇంకో కంటితో పోల్చలేం.

మెల్లగా విడదీసి, 40 మైక్రాన్ల జల్లెడలో వడపోసి, ఒంటి కణాలుగానే పెట్టాలని నిర్ణయం. విట్రియస్‌లో అవే మళ్లీ గుంపు కడతాయి. కట్టాక అప్పుడు మందు ఇవ్వాలి. కొందరు ఇంజెక్షన్ అయిన రెండో రోజే మందు ఇచ్చి "సీడ్స్ చచ్చాయి" అని రాస్తుంటారు. అప్పటికి అక్కడ ఉన్నవి సీడ్స్ కావు, చెల్లాచెదురు కణాలు. ఆ ఫలితాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

కణాలకి మిణుగురులా వెలుగునిచ్చే ఎంజైమ్ లూసిఫరేజ్ జన్యువు ఎక్కించాం, మెరుపుని బట్టి బయట నుంచే గడ్డ పెరుగుదల కొలవొచ్చని. నల్ల చిట్టెలుకల్లో రంగు పదార్థం ఆ వెలుగుని మింగేస్తుంది. తెల్లవాటిలో ఆ బెడద లేదు.

జూన్

చిట్టెలుకలు వచ్చాయి. బ్యాల్బ్-సీ జాతి న్యూడ్ రకం. వీటికి థైమస్ ఉండదు, టీ కణాలు తయారవ్వవు, అందుకే మనిషి కణితిని తిప్పికొట్టలేవు. బొచ్చు కూడా ఉండదు. కన్ను అసలే రోగనిరోధక శక్తి కాస్త చూసీ చూడనట్టు వదిలేసే చోటు. దీని గురించి పీటర్ మెడవార్ 1948లోనే రాశాడు. అయినా మామూలు చిట్టెలుక కంట్లో మనిషి కణాలు నిలుస్తాయని భరోసా లేదు.

జాతి ఎంచుకునేటప్పుడు ఒక హెచ్చరిక. జన్యుమార్పిడికి ఎక్కువగా వాడే ఎఫ్‌వీబీ, సీ3హెచ్ జాతులకి పుట్టుకతోనే రెటీనా క్షీణించే లోపం ఉంటుంది. పాలు మానే వయసుకే దాదాపు గుడ్డివి. మందు వల్ల రెటీనా దెబ్బతిందా అని అలాంటి జంతువులో వెతికితే ఏం దొరుకుతుంది? బ్లాక్-6 అనే నల్ల చిట్టెలుక జాతిలోనూ రెండు ఉపజాతులున్నాయి. ఎన్ అన్నదానిలో ఆర్‌డీ-8 అనే లోపం ఉంది, జే అన్నదానిలో లేదు. ఆర్డరు ఫారంలో ఒక్క అక్షరమే తేడా.

ఇక ఇంజెక్షన్. చిట్టెలుక కన్ను 3 మి.మీ.కి కొంచెం ఎక్కువ. అందులో సగానికి పైగా లెన్సే. విట్రియస్ మిగిలేది 5 మైక్రోలీటర్లు. అంత చోటులో లెన్స్‌కి తగలకుండా, రెటీనా అవతలికి పోకుండా సూది మొన నిలపాలి. లెన్స్‌కి గీత పడితే శుక్లం వచ్చి తర్వాత లోపల ఏమీ కనబడదు. కార్నియా అంచుకి కాస్త వెనక నుంచి, మొనని కంటి నరం వైపు ఏటవాలుగా పోనిస్తే లెన్స్ తప్పుతుంది. ముందుగా కంటి ముందు గది నుంచి కొంచెం నీరు వదిలితే లోపలి ఒత్తిడి తగ్గుతుంది. 1 మైక్రోలీటరులో 20 వేల కణాలు, నిదానంగా. తర్వాత సూదిని కాసేపు అలాగే ఉంచి తీయాలి. తొందరపడి లాగితే ద్రవం వెనక్కి తన్నుకొస్తుంది, దానితో పాటే కణాలూ. అవి కంటి తెల్లపొర కింద గడ్డ కడతాయి. కొన్ని వారాల తర్వాత చూసినవాళ్లు "క్యాన్సర్ కన్ను దాటి పాకింది" అనుకుంటారు. అందుకని తీసిన వెంటనే ఆ చోటుని కడిగేస్తున్నాం, మైక్రోస్కోపులో ద్రవం వెనక్కి వచ్చినట్టు కనిపించిన ప్రతి కంటినీ వేరే వరుసలో రాస్తున్నాం.

మత్తు కెటమిన్-జైలజిన్. మొదటి బ్యాచ్‌లో ఒకదాని లెన్స్ చూస్తుండగానే తెల్లబడింది. కొత్తగా చేరిన అమ్మాయి టెన్షన్ పడిపోయి "అక్కా, సూది తగిలిందేమో" అంది. సూది ఇంకా పెట్టనేలేదు! మత్తులో రెప్పలు కొట్టుకోవు, కన్ను ఆరిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఆ దశలో చిట్టెలుక లెన్స్ తాత్కాలికంగా మసకబారడం మామూలే. కంటి మీద జెల్, కింద వెచ్చటి ప్యాడ్. మెలకువ వచ్చాక కన్ను తేటగానే ఉంది. యానిమల్ హౌస్ చూసుకునే అన్న నవ్వి, "ఇది చూసి భయపడనివాళ్లు ఇంతవరకూ రాలేదులేమ్మా" అన్నాడు.

జూలై

కణాలు నిలిచాయి. వారం దాటాక మెరుపు సంకేతం పెరగడం మొదలైంది. మూడో వారానికి, వెలుగుతో కంటి లోపలి పొరల బొమ్మ తీసే ఓసీటీ స్కానులో లెన్స్ వెనక తెల్లటి గుంపులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. కొన్ని రెటీనాని ఆనుకుని పెరుగుతున్నాయి, కొన్ని మధ్యలోనే తేలుతున్నాయి. మాకు కావలసినవి ఆ తేలేవే. ద్రవం వెనక్కి వచ్చిందని రాసుకున్న కళ్లలో పెరుగుదల ఎలా పడితే అలా ఉంది. వాటిని విశ్లేషణ నుంచి తీసేయొచ్చని ప్రోటోకాల్‌లో ముందే రాసుకున్నాం కాబట్టి ఇప్పుడు వాదన లేదు.

లూసిఫరేజ్ మెరుపుని మరీ నమ్మకూడదని కూడా అర్థమైంది. గడ్డ పెద్దదయ్యాక మధ్యభాగానికి రక్తం అందక కణాలు చస్తాయి, మెరుపుకి ఇంధనంగా ఎక్కించే లూసిఫెరిన్ కూడా అక్కడికి చేరదు. గడ్డ పెరుగుతూనే ఉన్నా మెరుపు నిలిచిపోతుంది. మందు ఇచ్చాక అలాంటిది జరిగితే మందు పనిచేసిందని పొరబడటం తేలిక. మెరుపుతో పాటు ఓసీటీ కొలత తప్పనిసరి చేశాం.

స్లైడ్ల కోసం తీసిన కళ్లని పాడవకుండా ఫార్మలిన్‌లో కాకుండా డేవిడ్‌సన్ ద్రావణంలో వేశాం. ఫార్మలిన్‌లో రెటీనా పొర ఊడి వస్తుంది, అది జబ్బు వల్లా, మందు వల్లా, మన సీసా వల్లా అని తేల్చుకోలేం. స్లైడ్లలో చిన్న నీలి కణాలు దట్టంగా, రక్తనాళం చుట్టూ బతికినవి, దూరంగా చచ్చినవి. ఇది పిల్లల కణితిలోనూ కనిపించే తీరే. పిల్లల గడ్డల్లో కణాలు గుండ్రంగా పూవులా కూర్చునే రోజెట్లు మాత్రం దొరకలేదు. వై-79 నుంచి అవి ఆశించకూడదు. మనిషి కణాలకి మాత్రమే అంటుకునే యాంటీబాడీతో రంగు వేస్తే గడ్డ ఎవరిదో, చుట్టూ ఉన్న కణజాలం ఎవరిదో తేటతెల్లంగా విడిపోయింది.

ఆగస్టు

మందు దగ్గరికొచ్చాం. ఇప్పుడు లెక్క చూడండి. మనిషి కంట్లో విట్రియస్ సుమారు 4 మి.లీ. అందులో 30 మైక్రోగ్రాములు అంటే మి.లీ.కి 7.5 మైక్రోగ్రాములు. అదే గాఢత చిట్టెలుక కంట్లో రావాలంటే 0.04 మైక్రోగ్రాము కూడా అక్కర్లేదు. కాగితం మీద బాగానే ఉంది. కానీ పిల్లల కంట్లోకి పోయే ద్రవం 0.1 మి.లీ., విట్రియస్‌లో రెండు మూడు శాతం. చిట్టెలుకకి 1 మైక్రోలీటరు ఇచ్చినా అది 20 శాతం. అందులో ఎంత వెనక్కి వచ్చిందో ఖచ్చితంగా చెప్పలేం. పైగా అంత చిన్న కన్ను నుంచి మందు బయటికి పోయే వేగం వేరు. కాబట్టి "చిట్టెలుకలో ఈ డోసు సురక్షితం, పిల్లలకి ఇంత ఇవ్వొచ్చు" అని మేం రాయబోవడం లేదు. మందు తగిలిన సీడ్ చస్తుందా, ఉండ కన్నా మబ్బు ఎక్కువసేపు తట్టుకుంటుందా, ఇంతవరకే ఈ జంతువుని అడుగుతాం.

మెల్ఫలాన్‌తో ఇంకో పేచీ. సెలైన్‌లో కలిపాక గంటలోపు వాడేయాలి, నీటిలో అది విరిగిపోతూ ఉంటుంది. వరుసగా ఇన్ని కళ్లకి ఇస్తూ పోతే చివరి కంటికి చేరేది మొదటి కంటికి చేరిన మందు కాదు. అందుకే చిన్న చిన్న బ్యాచ్‌లుగా కలుపుతున్నాం, ఏ కన్ను ఏ నిమిషానికో రాసుకుంటున్నాం. గ్రూపుల క్రమం కూడా కలగాపులగం చేశాం.

డోసు ప్రశ్న కుందేలుకి వదిలాం. దాని విట్రియస్ 1.5 మి.లీ. దాకా ఉంటుంది, మనం పిల్లలకి వాడే సూదే వాడొచ్చు, రెటీనా విద్యుత్ స్పందనని ఈఆర్‌జీతో పదేపదే కొలవొచ్చు. లోపాలు లేకపోలేదు. కుందేలు రెటీనాలో రక్తనాళాలు అడ్డంగా ఒక పట్టీలోనే ఉంటాయి, మనిషిలా అంతటా పరుచుకోవు. దొరికేవి ఎక్కువగా న్యూజిలాండ్ తెల్లవి, కంట్లో రంగు పదార్థం లేనివి. మన పిల్లల కళ్లు నలుపు, మెలనిన్‌కి అంటుకునే మందులు అక్కడ వేరేలా ప్రవర్తిస్తాయి. గడ్డ కూడా పెంచాలంటే రోజూ సైక్లోస్పోరిన్ ఇచ్చి రోగనిరోధక శక్తిని అణచాలి. అలా చేస్తే కుందేళ్లు చిక్కిపోతాయి. అందుకే మొదటి విడతలో గడ్డ లేని ఆరోగ్యమైన కుందేలు కన్ను, మందు, ఈఆర్‌జీ, అంతే. దరఖాస్తులో రంగు కళ్ల జాతి అడిగాం. దొరక్కపోతే తెల్లవాటితో మొదలుపెట్టి, ఆ పరిమితిని ఫలితాల పక్కనే రాస్తాం.

కమిటీ వచ్చే మీటింగులో కుందేళ్ల ఫామ్-బి చూస్తుంది. ఈలోగా రెండో బ్యాచ్ చిట్టెలుకలకి వెరీ-ఆర్‌బీ-1 కణాలు పెట్టాలి. ఓసీటీ బొమ్మల్లో సీడ్స్ లెక్కించేవాళ్లకి ఏ కంటికి మందు పడిందో తెలియకుండా ఫైళ్ల పేర్లు మార్చే పని కొత్తమ్మాయికి అప్పజెప్పాను.